మిషన్ దాచిన నీ మాటలు

తమ్మీ,

మనను కన్న అవ్వకు బాగాలేదని రాస్తే ఆదివారం వస్తానన్నావు. రాలేదు. గురువారం అవ్వ పోయింది. ఆ తర్వాత నువ్వు బతికున్నన్నాళ్లూ నీతో మాట్లాడలేదు.

నీ బిడ్డ సుజాత ఇప్పుడు మన సిద్దిపేటలోనే కంప్యూటర్ పాఠాలు చెబుతోంది. నిన్న నీ ట్రంకుపెట్టెలోని, నువ్వు కంప్యూటర్ ఆఫీసులో పనిచేసినప్పటి కాగితాల కట్ట విప్పింది. ఎన్నో పుస్తకాలు చదివిన నాకు అందులో ఒక్క ముక్క అర్థం కాలేదు.

"పెద్దబాపూ, గిది బాపు రాసిన ప్రోగ్రాం గాదు. దాన్ని మిషన్ తన భాషలకు మార్చుకునేటప్పుడు నడుమల రాసుకున్నది. ఏ లైన్ యాడికెల్లి వచ్చిందో పక్కన చూపిస్తది. బాపు తనకోసం రాసుకున్న మాటలు గూడ అట్లనే ఉంచింది, సూడు."

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. పైన తేదీ అవ్వ పోవడానికి వారం ముందుది. "సార్‌ను సెలవడిగిన, ఇయ్యలే." రెండు పేజీల తర్వాత, "మళ్ల అడిగిన." చివరి పేజీలో, "ఈ పని అయినంకనే పొమ్మన్నడు."

"రెండు తాపల అడిగిండు గద పెద్దబాపూ, ఇంకేం కోపం?" అంది సుజాత.

 ఆ ఆదివారం బస్సు హారన్ వినిపించినప్పుడల్లా అవ్వ "సుదర్శనం దిగిండా?" అని అడిగింది. ఆ సార్‌కు అవ్వ ఏమీ కాదు. కన్నతల్లిని చూడటానికి నీకు ఒకరి సెలవెందుకు? నేను తప్పుపట్టేది ఇప్పటికీ నిన్నే, సుదర్శనం.