గంధం కింద ఎరుపు

సిద్దిపేట, సోమవారం రాత్రి

స్వరూప ఈ రోజు గుండుతో వచ్చింది. పోయిన వారం ఆమె తలలో వెంట్రుకలు రాలి నున్నగా మెరుస్తున్న మచ్చ చూసి, అంచున చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదామన్నాను. ఈలోగా జుట్టు ఒత్తుగా మొలుస్తుందని వాళ్ళత్త నిన్న మల్లన్న మొక్కు తీర్పించేసింది. తలంతా గంధం. చర్మమే కనబడదు!

"కడగాలమ్మా," అన్నాను.

"దేవుని గంధం కడుగుతరా డాక్టరమ్మా?" అని అత్త గొంతు పెంచింది. నాకూ కోపం వచ్చింది, మింగాను. "జబ్బు ఎక్కడిదాకా పాకిందో దాని కిందే తెలుస్తుంది," అన్నాను. ఆవిడ కొంగు తడిపి తనే తుడిచింది.

జుట్టు ఉన్నప్పుడు నాకు కనబడని ఎర్రటి అంచు చెవి వెనక దాకా ఉంది. మత్తు సూది ఇచ్చి అక్కడే ముక్క తీశాను. జుట్టు కుదుళ్ళను చంపేసే లైకెన్ ప్లానోపైలారిస్ అనుకుంటున్నాను. ఒంట్లో లోపలి అవయవాలకూ పాకగల ల్యూపస్ అయితే...

వెళ్ళేముందు అత్త అడిగింది. "మచ్చ కాడ ఎంటికలు మల్ల మొలుస్తయా?"

"మొలవవమ్మా. మిగిలినవి కాపాడాలి."

ఆవిడ కోడలి తల మీద కొంగు సర్ది నా వైపు తిరిగింది. "మల్లన్నకు ఇచ్చినయి చాలు. ఇగ ఒక్కటి గూడ పోనియ్యకు బిడ్డా."

రిపోర్టు ఏమన్నా సరే, పోనివ్వను.