'సావీ' కార్డు మీద రెండో సంతకం

మార్చి 3, సోమవారం
ఇంగ్లీషు నిఘంటువు పనిలో ఇవాళ నా వంతుకు 'సావీ' వచ్చింది. విషయం తెలిసిన, లోకం పోకడ ఎరిగిన అని అర్థం. పుట్టుక వెతకాలి. ఎడిటర్ గారిని రెండు రోజులు అడిగితే వారం తీసుకోమన్నారు. పదకొండేళ్లలో ఒక్క పూట ఎక్కువివ్వని మనిషి! ఎదురు కుర్చీ అక్కకి చెప్పాను. సొంత అక్క కాదు, అంతకన్నా ఎక్కువ. ఆయనకీ వయసు మీద పడుతోందిలే అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

మార్చి 6
దొరికింది! పోర్చుగీసులో 'సాబే' అంటే తెలుసు అని. రేవుల్లో సరుకు అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ ఒకరి భాష ఒకరికి రాక, ఇలాంటి మాటలతోనే నెట్టుకొచ్చారట. తెలుసా? తెలుసు. అంతే బేరం. పండితులు పుట్టించిన మాట కాదని తెలిసి ముచ్చటేసింది.

మార్చి 10
'సావీ' అర్థం, పుట్టుక రాసే కార్డు మీద పోర్చుగీసుకి బదులు ఫ్రెంచి అని రాసిచ్చాను. బస్సెక్కాక గుర్తొచ్చింది. ఫరవాలేదు. రెండో సంతకం పడందే మా ఆఫీసులో ఏ కార్డూ పెట్టెలోకి పోదు. నా కార్డులు సరిచూసి ఆ సంతకం పెట్టేది అక్క. కామా కూడా వదలదు. రేపు చీవాట్లు ఖాయం.

మార్చి 11
కార్డు పెట్టెలో ఉంది. ఫ్రెంచి అలాగే ఉంది. కింద అక్క సంతకం.

నెల రోజుల కార్డులు బయటికి తీశాను. ఒకదాంట్లో అర్థం రాయడమే మరిచిపోయాను. దానికీ సంతకం ఉంది. అక్కకి ఒంట్లో బాగాలేదేమోనని బెంగపడ్డాను. పిచ్చిదాన్ని.

మార్చి 12, మధ్యాహ్నం
అక్కని అడిగేశాను. నిఘంటువు ఆపేస్తున్నారట. నెల క్రితమే నిర్ణయమైందట. శుక్రవారం ఆఖరట. టైపిస్టుకి తెలుసు, వాచ్‌మన్‌కీ తెలుసు. ఎవరికి వాళ్లు అక్క నాకు చెప్పే ఉంటుందనుకున్నారు. పాఠ్యపుస్తకాల సెక్షన్‌లో ఒక్కటే ఖాళీ. అక్క గప్‌చుప్‌గా అప్లై చేసి సంపాదించుకుంది. నాకు తెలిస్తే అది నాకే వచ్చేదని, నేను తనకన్నా బాగా రాస్తానని ఏడ్చింది.

ఆ మెచ్చుకోలు నేనేం చేసుకోను? పదకొండేళ్లు ఒకే టేబుల్ మీద అన్నం తిన్నాం. నమ్మించి గొంతు కోసింది. ఒళ్లు మండిపోతోంది. ఏడుపూ వస్తోంది.

మార్చి 14
కార్డు మళ్లీ రాశాను.

సావీ: విషయం తెలిసిన. పుట్టుక: పోర్చుగీసు. ఉదాహరణ: ఈ ఆఫీసులో ఒక్కరు తప్ప అందరూ సావీలే.

రెండో సంతకానికి అక్క ముందు పెట్టాను. ఈసారి చదివింది. సంతకం పెట్టలేదు.