గుండ్రటి బిళ్ల డ్రమ్ములు ఎవరివి

ఆర్మూర్, మామిడిపల్లి నివాసి, కీ.శే. మేకల లచ్చయ్య కుమారుడు మేకల ప్రభుదాస్ అనే నేను, వయస్సు అరవై మూడు సంవత్సరాలు, వృత్తి పెళ్లిళ్లలోనూ చర్చిలోనూ డ్రమ్ములు వాయించడం, పాత డ్రమ్ములు బాగుచేయడం, ఎవరి ఒత్తిడీ లేకుండా నా చేతితో నేనే ఈ వీలునామా రాస్తున్నాను. షుగరు వ్యాధి ముదిరి నిరుడు నా కుడి పాదం తీసేశారు. బుద్ధికీ జ్ఞాపకానికీ ఏ లోపమూ రాలేదు. జ్ఞాపకం పోయినా బాగుండేదని అనుకున్న రోజులున్నాయి. ఇంతకు ముందు నేను వీలునామా ఏదీ రాయలేదు. దీన్ని అమలు జరిపే బాధ్యత రిటైర్డ్ టీచర్ గంగాకిషన్ గారికి అప్పగిస్తున్నాను.

1. మామిడిపల్లిలోని రెండు గదుల పెంకుటిల్లు, వెనక ఖాళీ స్థలం, బోరింగు సహా, నా భార్య రత్నవ్వ సర్వహక్కులతో అనుభవించవలెను. ముప్పై ఎనిమిదేళ్లు నా చప్పుడు భరించింది. ఇక ఆ ఇంట్లో ఆమెకు ఇష్టమైనంత నిశ్శబ్దం ఉండవలెను.

2. నా కూతురు మహేశ్వరికి కుట్టుమిషను, నా చేతిగడియారం. గడియారం రోజుకు ఐదు నిమిషాలు వెనకబడుతుంది. ఆమె పెళ్లిరోజున నేను మరో ఊళ్లో పెళ్లికి వాయించి ఆలస్యంగా వచ్చింది దీనివల్ల కాదు. రెండు పెళ్లిళ్లు ఒప్పుకొన్నది నేనే.

3. మాక్లూర్ బ్యాండు నర్సింలు నా దగ్గర తీసుకుపోయిన ఇత్తడి తాళాల జత ఇరవై రెండేళ్లుగా తిరిగి ఇవ్వలేదు. ఇంతకాలం అతణ్ని దొంగ అని నలుగురిలో తిట్టాను. ఆ తాళాలు అతనికే ఇచ్చేస్తున్నాను. ఎందుకన్నది ఐదో అంశం చదివితే తెలుస్తుంది.

4. నా దగ్గర కాస్టలీనో అనే బొంబాయి కంపెనీ డ్రమ్ముల సెట్లు రెండున్నాయి. అదే కంపెనీ సెట్టు ఇంకొకటి, నాతోపాటు డ్రమ్ములు నేర్చుకున్న ఎంకటి ఇంటి అటకమీద ఉంది. మూడింటికీ పైన ఒకే ఎర్రటి మెరుపు రేకు అతికించి ఉంది కనుక, గంగాకిషన్ గారు పొరబడకుండా తేడాలు రాస్తున్నాను.

కంపెనీ మొదటి మోడల్‌కు పేరు చెక్కిన గుండ్రటి ఇత్తడి బిళ్ల ఉంటుంది. రెండో మోడల్‌కు నాలుగు మూలల అల్యూమినియం బిళ్ల. మూడో మోడల్‌కు ప్లాస్టిక్ బిళ్ల. అయితే బిళ్లను నమ్మవద్దు. తోలు విప్పి లోపల చూడవలెను. మొదటి మోడల్ లోపల రంగు వేయని చెక్క కనబడుతుంది, పైఅంచునా కింది అంచునా వేలెడు వెడల్పున చెక్క కట్టు చుట్టి ఉంటుంది. వేలి మెటికతో కొడితే గుమ్మని మోగి, ఆ మోత చాలాసేపు నిలుస్తుంది. రెండో దానిలో కట్టు ఉండదు, చెక్క పలుచన, లోపల బూడిద రంగు. కొడితే మోత వెంటనే తెగిపోతుంది. మూడోది నేను చర్చి కోసం కొన్నది. దాన్ని చర్చికే ఇస్తున్నాను.

నా దగ్గరున్న మరో సెట్టుకు నాలుగు మూలల బిళ్ల ఉంది. లోపల మాత్రం చెక్క కట్టు ఉంది. బిళ్ల చుట్టూ రేకుమీద స్క్రూడ్రైవర్ గీతలు కనబడతాయి. అవి నేను గీసినవి.

5. మా ఇద్దరికీ, అంటే నాకూ ఎంకటికీ, డ్రమ్ములు నేర్పినవాడు బ్యాండు మాస్టర్ చిన్నన్న. 1983లో ఆయన మంచాన పడ్డాడు. అప్పటికే ఆయన కాస్టలీనో సెట్లు రెండూ తోళ్లు చిరిగి మూలన పడి ఉన్నాయి. బాగుచేయడం నాకే వచ్చు కాబట్టి నన్ను పిలిపించి చెప్పాడు: "గుండ్రటి బిళ్లది ఎంకటికియ్యి. నాలుగు మూలలది నువ్వు తీస్కో. వాని చెయ్యి మెత్తగుంటది, గా పాత చెక్కనే దానికి సరిపోతది. నీది గట్టి చెయ్యి, డబ్బా మీద కొట్టినా మోగుతది."

ఆయన నన్ను మెచ్చుకున్నాడో తక్కువ చేశాడో ఆనాడు నాకు తెలియలేదు. తక్కువ చేశాడనే అనుకున్నాను. వారంలోపే ఆయన పోయాడు. కొత్త తోళ్లు వేసేటప్పుడు ఒక్కో డ్రమ్ము నుంచీ బిళ్ల ఊడదీసి, దీనిది దానికీ దానిది దీనికీ బిగించాను. గుండ్రటి బిళ్ల ఉన్న పలుచటి సెట్టును ఎంకటి చేతికిచ్చాను. అతను ఆ బిళ్లను కళ్లకద్దుకున్నాడు.

ఏడాది పాటు అతను వేళ్లు పగిలేదాకా సాధన చేశాడు. ఎంత కొట్టినా మాస్టర్ డ్రమ్ములలో విన్న మోత రాలేదు. నా దగ్గరికే వచ్చి అడిగాడు: "మాస్టర్ గింత మంచియి ఇచ్చిపోయిండు అన్నా. నా చెయ్యే పనికొస్తలేదు. ఏడ తప్పు చేస్తున్ననో జర చెప్పరాదే?" మణికట్టు వదులుగా పట్టుకొమ్మని చెప్పాను. అతని మణికట్టులో ఏ తప్పూ లేదు.

నందిపేట్‌లో ఒక పెళ్లిలో పెళ్లికొడుకు తరఫువాళ్లు అతని చేతిలోంచి పుల్లలు తీసుకుని నాకిచ్చారు. నేను తీసుకున్నాను. మర్నాటి నుంచి ఎంకటి మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు మోయడానికి పోయాడు. ఇప్పటికీ మోస్తున్నాడు. ప్రభుదాస్ చేతి మోత అని చుట్టుపక్కల ఊళ్లు చెప్పుకున్నదంతా ఆ పాత చెక్క మోత.

కావున సదరు మొదటి మోడల్ సెట్టు ఎంకటికి చెందవలెను. ఇది నా దానం కాదు. మొదటినుంచీ అతని సొత్తు. నా వారసులెవరికీ దానిమీద హక్కు లేదు.

6. నన్ను పాతిపెట్టే రోజున ఎవరూ డ్రమ్ములు వాయించకూడదు.

7. పై ఆరు అంశాలూ రాసి గంగాకిషన్ గారికి చూపించాను. ఆయన కళ్లద్దాలు తీసి, "గిది నువ్వు సచ్చినంక సదవాల్నా? గప్పుడు ఎంకటి ఎవల్ని అడగాలె?" అన్నారు. సిగ్గుపడ్డాను. నిజానికి వీలునామా రూపంలో రాయడానికి కారణమే అది. నేను లేనప్పుడు తెలియాలని.

శనివారం మధ్యాహ్నం ఎంకటిని పిలిపించి ఐదో అంశం నేనే చదివి వినిపించాను. అతని చొక్కా నిండా పసుపు దుమ్ము. చదవడం అయ్యాక చొక్కా దులుపుకుని లేచాడు. తిట్టలేదు. డ్రమ్ముల వంక కూడా చూడలేదు. "మా మంగకు నువ్వే చెప్పు. నేను చెప్తే నమ్మది" అని మాత్రం అన్నాడు. ఇన్నేళ్లూ అతని భార్య మంగ, చేతకాక పని ఎగ్గొట్టినవాడని అతణ్ని దెప్పిపొడుస్తూ వచ్చిందని నాకు అప్పుడే తెలిసింది.

ఆదివారం ఆటోలో వాళ్లింటికి పోయాను. మంగ వాకిట్లో కూర్చుని పసుపు కొమ్ములు ఏరుతోంది. కర్రలమీద నిలబడి మొత్తం చెప్పాను. ఆమె ఏరడం ఆపలేదు. చివరికి తల ఎత్తకుండానే అడిగింది: "గిన్నేండ్లు చర్చిల నువ్వు కొడుతుంటే ఆయన ఎనక బెంచి మీద కూసోని మోకాలి మీద తాళమేసుకుంటుండె. నీకు ఒక్కనాడన్న కనవడలేదా బావా?"

ఆటో ఎక్కి వచ్చేశాను.

ఆమె ప్రశ్నకు జవాబును ఈ వీలునామాలో భాగంగా, సాక్షుల ఎదుట రాస్తున్నాను: కనబడింది. ప్రతి ఆదివారం కనబడింది. నాకంటే బాగా వేసేవాడు.

పైన రాసినదంతా చదువుకుని, నిజమని ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

ఆర్మూర్, సోమవారం, 12 ఫిబ్రవరి 2007

(సంతకం) మేకల ప్రభుదాస్

సాక్షులు, ప్రభుదాస్ మా ఎదుట సంతకం చేయగా చూసినవారు:
1. భూమేశ్వర్, పసుపు రైతు, ముప్కాల్ (సంతకం)
2. లసుమవ్వ, పొరుగింటి నివాసి, మామిడిపల్లి (ఎడమ బొటనవేలి ముద్ర)