ఎనిమిదో బోల్టు

ప్రియమైన బుడ్డోడికి,

కంట్రోల్ రూములో కూర్చుని ఆ రాతి గ్రహం మీద నువ్వు నడిపిస్తున్న రోవర్ వెనక చక్రం పట్టేసిందని వర్క్‌షాపులో చెప్పారు. అది నేనూ మీ బావా బిగించిన చక్రమేరా. మా పద్ధతి నీకు తెలుసు. నేను స్పానర్ తిప్పాలి, ఆయన సరిచూసి బోల్టు మీద ఎర్ర గీత గీయాలి. మొత్తం ఎనిమిది. అప్పటినుంచీ నాకు ముద్ద దిగడం లేదు. కెమెరా తిప్పి గీతలు లెక్కపెట్టు. ఒక్కటి తగ్గినా తప్పు ఆయన మీదకే పోతుంది. పోయిన మనిషి లేచొచ్చి జవాబు చెప్పుకోలేడు కదా.

వేళకు తిను.

అక్క

*

ప్రియమైన అక్కా,

మూడు వారాలు ఆలస్యమైంది, తిట్టుకోకు. సోలార్ పలకల మీద దుమ్ము పేరుకుని రోవర్‌కు కరెంటు చాలడం లేదు. నిన్నటికి ఫోటో వచ్చింది. ఎనిమిది గీతలూ నిక్షేపంగా ఉన్నాయి. చక్రంలో రాయి ఇరుక్కుంది, అంతే. బావ మీద ఈగ వాలనివ్వను. సోమవారం విచారణ కమిటీకి కూడా ఇదే రాసిస్తాను. ఫోటో మాత్రం అడగకు, బయటికి ఇవ్వరు.

చలికాలం రాకముందే ఎండ తగిలే వాలు ఎక్కించాలి. రోజంతా ఈడ్చినా జానెడు కదలడం లేదు. ఇక బతకదక్కా. పొద్దున దాన్ని నిద్రలేపుతుంటే ఏడుపొస్తోంది.

నీ తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడూ,

అబద్ధం చెప్పేటప్పుడు నీకు మాటలు ఎక్కువవుతాయి. చిన్నప్పటినుంచీ అంతే. అక్కడ గీతలు ఏడే ఉంటాయి.

ఆ చక్రం బిగించే నాటికే ఆయన చేతులు వణుకుతున్నాయి. తెలిస్తే పని మాన్పిస్తారని ఇద్దరం దాచాం. మొదటి బోల్టుకు పట్టుబట్టి ఆయనే గీశారు. తర్వాత బ్రష్షు నేను లాక్కున్నాను. బిగించిందీ నేనే, సరిచూసిందీ నేనే. ఎనిమిదో దాని దగ్గరికి వచ్చేసరికి ఆయన కుప్పకూలారు. స్పానర్ పారేసి ఆస్పత్రికి పరుగెత్తాను. మర్నాడు అన్నీ అయ్యాయని ఇద్దరి సంతకాలూ నేనే పెట్టేశాను. వదులుగా ఉన్న ఆ బోల్టే చక్రాన్ని పట్టేసి ఉంటుంది.

మరి నిన్నెందుకు అడిగానంటావా? గీసి మర్చిపోయానేమోనని ఒక పిచ్చి ఆశ.

కమిటీకి ఉన్నదున్నట్టు రాయి. ఈ ఉత్తరం కూడా జతచెయ్యి. రాయి ఇరుక్కుందని రాస్తే, రేపు ఇంకో చక్రాన్ని ఇంకెవరో నాలాగే ఒంటరిగా బిగిస్తారు. నీ రోవర్‌ను చంపింది నేనేరా. క్షమించమని అడగడానికి నాకు ముఖం చెల్లడం లేదు.

ఒక్క పని చేసిపెట్టు. అది కన్నుమూసేలోగా మొదటి బోల్టును దగ్గరగా ఫోటో తియ్యి. దాని మీద గీత వంకరగా ఉంటుంది. కమిటీ వాళ్ల కాళ్లైనా పట్టుకుంటాను, అది ఒక్కటి నాకు చూపించు.

అక్క