ఊరెళ్లొచ్చానన్న మాట

సియాటిల్,
జనవరి 15, 2019.

ఎరిట్రియా, సెనాఫెలో ఉన్న మా అమ్మకి,

నీ మోకాళ్లకి ముద్దుపెట్టి నీ కూతురు నిగిస్తి రాస్తున్నది. ముందు నొప్పిలేని మోకాలికి, ఆ తరవాత, మెల్లగా, నొప్పి ఉన్నదానికి. ఇక్కడ నేనూ మా ఆయనా పిల్లదీ దేవుడి దయవల్ల చల్లగా ఉన్నాం. అక్కడ నువ్వూ అన్నయ్యా వదినా, మీ మేకలతో సహా, కులాసాగా ఉన్నారనే తలుస్తాను. రిగ్బె వదినా, దీన్ని అమ్మకి చదివి వినిపించేది నువ్వే కాబట్టి నీకూ దండాలు. నీకు నచ్చని ముక్క వచ్చినప్పుడు దగ్గి దాటేస్తున్నావని పోయిన ఉత్తరంలో అమ్మ ఫిర్యాదు రాయించింది. ఆ ఫిర్యాదు కూడా నీ చేతిరాతలోనే ఉంది, ఎంత నవ్వుకున్నానో!

అమ్మా, ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. ఇక్కడ మన చర్చికి వచ్చే గిర్మాయ్ మామ, తమ్ముడి కూతురి పెళ్లికని అస్మరా వస్తున్నాడు. ఆయనది అమెరికా పాస్‌పోర్టు, అందుకే అంత ధీమా. ఆయన చేతికే ఇస్తున్నాను. దీనితోపాటు మోకాళ్లకి రాసుకునే మందు రెండు గొట్టాలు, నీకో కళ్లజోడు పంపుతున్నా. మందు ఇరుగుపొరుగులకి పంచిపెట్టకు. చదవడం అయ్యాక ఉత్తరాన్ని పొయ్యిలో పెట్టెయ్యండి. గోడలకి చెవులున్నాయని నేను మీకు చెప్పేదేముంది.

ఇక నీ ప్రశ్నలు. సన్నబడ్డావెందుకన్నావు. సన్నబడలేదమ్మా, సరిహద్దు దగ్గర జలంబెసాలో నువ్వు చూసినప్పుడు రెండు రోజుల ప్రయాణం మీద ఉన్నాను. ఇక్కడికి రాగానే తినీ తినీ ఆ మాట అబద్ధం చేశాను. నువ్వు ఇచ్చిన బెర్బెరె కారం బాగా కుదిరింది. మా ఆసుపత్రి వంటగదిలో నాతో పనిచేసే ఆవిడ ఒక చెంచా నోట్లో వేసుకుని, ఆ పూటకి మాట్లాడటం మానేసింది.

రెండో ప్రశ్న, నీకు ఎక్కువ బెంగగా ఉన్నది. ‘నీ దగ్గరున్న ఆ చిన్న పుస్తకం విమానాశ్రయంలో లాక్కున్నారటగా, మళ్లీ ఇచ్చారా?’ అని రాయించావు. ఎవరమ్మా నీకు ఇవన్నీ మోసుకొచ్చేది? ఎవరూ లాక్కోలేదు. దాని కథ మొదట్నుంచీ చెప్తాను, ఈసారి బజార్లో ఎవరైనా కూస్తే నువ్వే సరిదిద్దు.

నాకు పాస్‌పోర్టు లేదు. మన దేశం పాస్‌పోర్టు తీసుకున్నానంటే, ఎవరికి భయపడి పారిపోయి వచ్చానో వాళ్ల గొడుగు కిందికే మళ్లీ దూరినట్టు. అందుకని నాకు ఆశ్రయం ఇచ్చినవాళ్లే పాస్‌పోర్టు బదులు ఆ పుస్తకం కూడా ఇస్తారు. గ్రీన్ కార్డు చేతిలో ఉన్నా సరే, నాలాంటివాళ్లకి దేశం దాటాలంటే అది ఉండాల్సిందే. బయల్దేరకముందే అర్జీ పెట్టాలి, పిలిచినప్పుడు వెళ్లి వేలిముద్రలు ఇవ్వాలి, నెలలతరబడి ఎదురు చూడాలి. వచ్చాక ఏడాదే చెల్లుతుంది. ‘ఇథియోపియా వెళ్లు, కెన్యా వెళ్లు, నీ ఇష్టం. మీ దేశం గడప మాత్రం తొక్కకు,’ అంది మా లాయరమ్మ. ‘తిరిగి వెళ్తే నన్ను బతకనివ్వరని జడ్జి ముందు ప్రమాణం చేసి చెప్పావు. వెళ్లి నవ్వుతూ తిరిగొస్తే, ఆ ప్రమాణం ఏమైందని అడుగుతారు. కార్డు కూడా పోవచ్చు.’

నేను జైల్లో ఉండగా నాన్న పోయాడని ఎలా చెప్పారో నీకు తెలుసు. ఆ ప్రమాణంలో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు.

మరి సియాటిల్‌లో దిగినప్పుడు ఏమైందంటే, తప్పు నాదే. విమానంలో కూర్చుని ఇంగ్లీషు వాక్యాలు కూడబలుక్కున్నాను. అద్దంలాంటి గాజు వెనకాల కూర్చున్న అధికారి పుస్తకం తీసుకుని, ‘ఎక్కడికెళ్లొచ్చారు?’ అన్నాడు. నేను ఇంత మొహం చేసుకుని, ‘ఊరెళ్లి మా అమ్మని చూసొస్తున్నా,’ అన్నాను.

అమ్మా, మన ‘ఆద్ది’ అన్న మాట ఎంత విశాలమైనదో ఆ రోజే తెలిసింది. ఊరైనా ఆద్దే, దేశమైనా ఆద్దే, మన భాష మాట్లాడేవాళ్లు నలుగురు కూచుని కాఫీ తాగే చోటైనా ఆద్దే. సరిహద్దు అవతల అదిగ్రాత్ వెళ్లినా మనం ఊరెళ్లామనే అంటాం కదా. నేను అదే మాటని తీసుకెళ్లి ‘హోమ్’ అని ఇంగ్లీషులో దింపాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోట ఊరు రాగానే ఆయన మొహం మారిపోయింది.

‘ఎరిట్రియానా?’ అన్నాడు.

నేనేమో, నీది ఏ దేశమని అడుగుతున్నాడనుకున్నాను. ‘అవునండీ, ఎరిట్రియా!’ అన్నాను గర్వంగా. అంతే, పుస్తకం తీసుకుని, నన్ను పక్కగదిలో కూచోబెట్టారు. నీ బజారు కథలో నిజం ఇంతవరకే.

కాసేపటికి ఫోనులో మన భాష వచ్చిన కుర్రాడొకడు దొరికాడు. యాస చూస్తే ఇథియోపియా వైపు మెకెల్లె వాడు.

‘అక్కా, మీరు ఎరిట్రియా వెళ్లారా అని అడుగుతున్నారు.’

‘ఎవరన్నారు?’

‘మీరే అన్నారట.’

‘నేను ఊరన్నాను తమ్ముడూ!’

అటునుంచి పకపకా నవ్వు. ‘అయ్యో అక్కా! ఊరని వీళ్లతో అంటారా? వీళ్లకి ఊరంటే పుట్టిన దేశం ఒకటే!’ నవ్వెందుకని అధికారి అడిగితే పాపం అతను నవ్వు దిగమింగుకుని ఆద్ది అంటే ఏమిటో పాఠం చెప్పాడు. అధికారి కోపిష్టి మనిషి కాదు. ఓపిగ్గా మొదట్నుంచీ అడిగాడు.

‘మీ అమ్మగారు ఉండేది ఏ దేశంలో?’

‘ఎరిట్రియాలో.’

‘మీరు ఆమెని చూసింది?’

‘ఇథియోపియాలో. జలంబెసాలో బస్సు దిగే చోట. ఇన్నేళ్లకి సరిహద్దు తెరిచారని విని ఆవిడే దిగి వచ్చింది.’

‘అక్కణ్ణుంచి మీ ఇల్లు ఎంత దూరం?’

‘గంట పట్టదు.’

‘గేటు తెరిచే ఉందంటున్నారు. ముద్ర వేసేవాళ్లు లేరు, చూసేవాళ్లు లేరు. అయినా వెళ్లలేదా?’

‘వెళ్లలేదు. వెళ్లుంటే ఇలా మీ మొహంలోకి చూసి మాట్లాడేదాన్ని కాదు.’

ఫోనులో కుర్రాడు ఆ మాటని జాగ్రత్తగా ఇంగ్లీషులో చెప్పాడు. అధికారి నా వంక చూసి, పుస్తకం మూసి నా చేతికిచ్చాడు. ఇచ్చి ఏమన్నాడో తెలుసా? ‘ఊరికి తిరిగొచ్చారు, సంతోషం,’ అన్నాడు. అదే ‘హోమ్’ నేనంటే గది మార్చారు, ఆయనంటే ఎవరూ ఏమీ అనలేదు. మా ఆయన ఈ కథ విని రెండు రోజులు నన్ను ‘ఎక్కడికెళ్తున్నావు, ఊరికా?’ అని వంటింట్లోకి వెళ్లినప్పుడల్లా ఏడిపించాడు.

కాబట్టి నా కాగితాలన్నీ భద్రంగా ఉన్నాయి. ఈ వేసవికి పౌరసత్వానికి అర్జీ పెట్టుకునే వేళ వస్తుంది. అది చేతికొచ్చిన మర్నాడు నేను పెట్టే మొదటి అర్జీ నీ పేరు మీద. ‘ఆ చలిలో నేనుండలేను’ అని నువ్వు ఇప్పట్నుంచే గొణగక్కర్లేదు. వచ్చి ఉండలేకపోతే అప్పుడు పోట్లాడుకుందాం.

ఇక మూడో ప్రశ్న. దాన్ని చివరికి నెట్టుకుంటూ వస్తున్నానని నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ‘దారి తెరిచిన రోజుల్లో అందరి పిల్లలూ ఇళ్లకొచ్చారు. నువ్వెందుకు రాలేదే? అమెరికా చెప్పులకి మన మట్టి అంటుతుందా అంటున్నారు నలుగురూ.’ ఈ మాట మూడుసార్లు చదివాను.

ఆ ఆదివారం నువ్వు నా చెయ్యి పట్టుకుని ఎలా లాగావో ఇప్పటికీ మణికట్టుకి తెలుస్తుంది. ‘అదిగో ఆ వంపు తిరిగితే మన కొండే. మేకలు పోతున్నాయి, గాడిదలు పోతున్నాయి. నువ్వు వాటికంటే గొప్పదానివా? ఒక్క రాత్రి ఉండి, పొద్దున్నే మీ నాన్న సమాధి దగ్గర ఒక కొవ్వొత్తి వెలిగించి పోవే,’ అన్నావు. చుట్టూ జనం ఏడుస్తూ, కావిలించుకుంటూ, బస్సుల్లోంచి మంచాలు కూడా దించుకుంటున్నారు. నేను ఏం చెప్పాను? ‘రేపే నా విమానం, అమ్మా. ఈ రాత్రికే మెకెల్లె చేరాలి,’ అన్నాను. నువ్వు నా చెయ్యి వదిలేశావు. ‘సరే పో,’ అన్నావు. నువ్వు బస్సెక్కి కిటికీలోంచి కూడా నా వైపు చూడలేదు.

వదినా, ఇక్కణ్ణుంచి దగ్గకుండా చదువు.

అమ్మా, మర్నాడు నాకు విమానం లేదు. శనివారం ఉంది. అదిగ్రాత్‌లో హోటలు గదిలో ఐదు రోజులు ఉన్నాను. పని లేదు, జ్వరం లేదు, ఏమీ లేదు. ‘రాకూడదు’ అని నిజం చెప్తే, ‘ఎవరు చూస్తారే’ అని నువ్వు ఇంకోసారి చెయ్యి పట్టుకుంటావు. ఇంకోసారి పట్టుకుని ఉంటే నేను వచ్చేసేదాన్ని. కాగితమూ కార్డూ నీకు పెట్టబోయే అర్జీ కూడా ఆ వంపు దగ్గరే వదిలేసి వచ్చేసేదాన్ని. ఆ బలహీనత నాదని తెలిసే అబద్ధమాడాను.

ఇంకొకటి కూడా ఉంది. బుధవారం ఉండబట్టలేక మళ్లీ జలంబెసా వచ్చాను, మన కొండనైనా కాసేపు చూద్దామని. టెఫ్ గింజలు అమ్మే కొట్టు పక్కన కాఫీ పెట్టే చోట కూచున్నాను. మొదటి కప్పు పోశారో లేదో, ఎవరిదో లారీలోంచి నువ్వు దిగావు. మోకాళ్లు తిట్టుకుంటూ, చేతిలో ఖాళీ గోతం పట్టుకుని. ఇటు టెఫ్ చవకని విని వచ్చినట్టున్నావు. మన మధ్య ఒక రేకు గోడ, దానికో కంత. నేను నెత్సెలా శాలువాని తలమీంచి ముక్కుదాకా లాక్కున్నాను. కన్నకూతుర్ని, నిన్ను చూసి మొహం దాచుకున్నాను.

ఆ కొట్టావిడ నిన్ను గుర్తుపట్టింది. ‘ఆదివారం మీ అమ్మాయి వచ్చినట్టుందే, అమెరికా నుంచి. ఇంటికి తీసుకుపోలేదామ్మా?’ అంది.

‘నేనే వద్దన్నా,’ అన్నావు నువ్వు. ‘వస్తానని ఒకటే ఏడుపు పిచ్చిది. దాని కాగితానికి ఏమైనా అయితేనో? వాళ్ల నాన్న ఎక్కడికి పోతాడు, ఇంకో పదేళ్లయినా అక్కడే ఉంటాడు. అది నిలబడితే చాలు నాకు. ఏయ్, కొలతలో బొటనవేలు పెట్టకు, చూస్తున్నా!’

నేను లేవలేదమ్మా. లేచి రెండడుగులు వేస్తే నీ భుజం తగిలేది. మూడు రోజుల కిందటే వెళ్లిపోయాననుకున్న కూతురు ఎదురుగా నిలబడితే నీ మొహం ఎలా ఉంటుందోనని సిగ్గేసింది. నువ్వు గోతం ఎత్తించుకుని లారీ ఎక్కేదాకా కంతలోంచి చూస్తూ కూచున్నాను. దారి ఎప్పటికీ అలాగే ఉంటుందిలే, వచ్చే ఏడాది అన్నీ చెప్పుకోవచ్చులే అనుకున్నాను. డిసెంబరులో మూసేశారు.

వెళ్లనందుకు నేను బాధపడటం లేదు. మళ్లీ అదే ఆదివారం వచ్చినా వెళ్లను, అధికారికి చెప్పిన మాటే నీకూ చెప్తున్నాను. నీకు కనపడకుండా దాక్కున్నందుకు మాత్రం బాధపడుతున్నాను. ఎంత తిట్టాలో అంత తిట్టించు, కాగితం చాలకపోతే గిర్మాయ్ మామ ఇంకోటి ఇస్తాడు.

కానీ అమ్మా, ముక్కూ మొహం తెలియని కొట్టావిడతో నన్ను వెనకేసుకొచ్చావు. నాకు మాత్రం ‘ఎందుకు రాలేదే’ అని రాయించావు. ‘నేనే వద్దన్నా’ అన్న ఆ మాట, ఒక్కసారి నాతో కూడా అను.

ఇట్లు,
నీ మాట గోడ చాటునుంచి విన్న నీ కూతురు,
నిగిస్తి