సలసల

జూన్ 3, మంగళవారం

డాక్టర్ ఇవాళ మంచి మాట చెప్పాడు. ఇంక మందులు వద్దు, ఇంటికి తీసుకెళ్ళండి, ఆవిడ ఏం అడిగితే అది పెట్టండి అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. కారెక్కాక మా ఆవిడతో, చూశావా, పథ్యం ఎత్తేశారు, నీకు నయమైపోయినట్టే, ఇక నన్ను తీరిగ్గా వేపుకు తినొచ్చు అన్నాను. ఆమె కళ్ళు మూసుకుంది. ముందు సీట్లో మావాడు కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు. డ్రైవింగ్ చేస్తున్న కోడలు అద్దంలోంచి నన్నొకసారి చూసింది.

ఇంటికొచ్చాక కోడలు నన్ను వంటింట్లోకి పిలిచి, మామయ్యగారూ, ఆ మాట ఇంకెవరితోనూ అనకండి అంది. అని స్టవ్ తుడవడం మొదలుపెట్టింది. తుడిచిందే తుడిచింది.

అప్పుడు అర్థమైంది. నేను చదివింది ఐదో క్లాసు. నాకన్నీ ఆలస్యంగానే ఎక్కుతాయి.

జూన్ 4

పొద్దున్నే, మహారాణీ, ఏం సెలవు అన్నాను. గోడవైపు తిరిగి పడుకుంది. తిట్టలేదు.

జూన్ 5, సాయంత్రం

నేను ఎవర్నీ వదలను. కోడల్ని హెడ్మాస్టరమ్మ అంటాను. మనవరాల్ని పిడుగు అంటాను. పక్కింటాయన బట్టతల చూసి దువ్వెన కావాలా అంటాను. కానీ ఇదంతా ఉత్త ప్రాక్టీసు. అసలు ఆట మా ఆవిడతోనే. టైలర్ షాపులో నేను మిషన్ తొక్కుతుంటే పక్కన కూచుని కాజాలు కుట్టేది. నేనొకటంటే తల ఎత్తకుండానే, మీ తెలివి తెల్లారినట్టే ఉంది అనేది. ఆ మాట పడితే గానీ నాకు కుట్టు తిన్నగా పడేది కాదు.

ఆసుపత్రిలో ఆ ఎర్ర కీమో మందు ఎక్కించడం మొదలయ్యాక ఆమె నోటికి రుచి పోయింది. ఏం పెట్టినా అట్టముక్క నమిలినట్టుందంటుంది. రుచితో పాటే తిట్లూ పోయాయి. తను పోయేలోగా ఒక్కసారి తిడితే చాలు నాకు. ఇంకేమీ అడగను.

ఇవాళ పిడుగు ఆఫీసు నుంచి వచ్చి, నాయనమ్మ పక్కన పడుకుని ఫోన్ చూపించింది. అందులో ఎవరో ఆవిడ రొట్టెని మడిచి చికెన్ కూరుతోంది. మా ఆవిడ దాని మీద వేలు పెట్టి, అది కావాలంది. వేలు తగిలి వీడియో ఆగిపోయింది. మేమూ ఆగిపోయాం. ఆమె ఏదైనా కావాలని ఎన్నాళ్ళైందో. దాని పేరేంటే అంటే, టాకో అంది పిడుగు. తాకొద్దంటే ఎలా తింటామే అన్నాను. పిడుగు నవ్వింది. కోడలు కూడా నవ్వింది. నవ్వాల్సినామె నవ్వలేదు.

జూన్ 7, శనివారం

మా ఆవిడ సూపుకి కోడలు మెత్తటి ముక్కలే వాడుతుంది. మెడలు, రెక్కలు, వీపు ఎముకలు, కందనకాయలు ఒక డబ్బాలో వేసి ఫ్రీజర్లో పడేస్తుంది. ఆ డబ్బా దించాను. బోన్‌లెస్ తెప్పిస్తానంది. రుచి ఎముకని పట్టుకుని ఉంటుంది హెడ్మాస్టరమ్మా అన్నాను. ఉడికించి, మాంసం పీచుపీచుగా తీసి, వెన్నలో అంచులు కరకరలాడేదాకా వేయించాను. తోలు విడిగా వేయించాను. చీజ్ దండిగా తురిమాను. రావణాసురుడికి వండుతున్నారా అన్నాడు మావాడు. మొక్కజొన్న రొట్టెలు మొదట మడిస్తే విరిగాయి. తర్వాత వేడి మీదే కర్ర మీద వేసి వంచాను. జేబుల్లా నిలబడ్డాయి. జేబులు నాకు కొత్తా.

పిడుగు బయటినుంచి ఫోన్ చేసి, దాని మీదకి సల్సా చెయ్యి తాతా, టమాటా, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర, నిమ్మరసం, అంతే అంది. నాకు సలసలా అని వినపడింది. సలసలా కాగాలి కాబోలనుకుని అన్నీ గిన్నెలో వేసి పెద్ద మంట మీద పెట్టాను. చాలదేమోనని ఎండుమిర్చి కూడా వేశాను. ఘాటు లేచింది. మావాడు దగ్గుతూ బాల్కనీలోకి పరిగెత్తాడు. పై ఇంటివాళ్ళు కిటికీలు మూసుకున్నారు. లోపలి గదిలోంచి కూడా దగ్గు వచ్చింది. దగ్గి దగ్గి, ఎవర్ని చంపుతున్నారక్కడ అంది మా ఆవిడ. అంత పెద్ద గొంతు ఇంకా ఆమెలో ఉందని నాకు తెలీదు.

పిడుగు ఇంటికొచ్చి గిన్నెలోకి చూసింది. సల్సా అంటే పచ్చిది తాతా, కాచకూడదు అని నేల మీద కూలబడి నవ్వింది. పారబోసి మళ్ళీ చేస్తానంది. నేను గిన్నె ఇవ్వలేదు.

అదే రోజు, సాయంత్రం

తలగడలు పెట్టి కూచోబెట్టాం. టాకో మీద ఆ సలసలే వేసి ఇస్తే చిన్న ముక్క కొరికింది. పరీక్ష రిజల్టు కోసం నిలబడ్డట్టు అందరం ఆమె నోరే చూస్తున్నాం. నమిలింది. మొహంలో ఏమీ లేదు. అట్టముక్కే. నాకు తెలిసిపోయింది. లేచి వెళ్ళిపోదామనుకున్నాను.

అప్పుడు ముక్కు ఎర్రబడింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాలుక బయటపెట్టి ఉస్ ఉస్ అంది. ఇందాక వంటింట్లో పిడుగు నవ్వుతూ అన్నది లోపలిదాకా వినపడినట్టుంది. నావైపు తిరిగి, సల్సా అంటే సలసలా కాచిపడేయడమేనా, మీ తెలివి తెల్లారినట్టే ఉంది అంది.

కోడలు వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది.

మా ఆవిడ ఇంకో ముక్క అడిగింది. రుచి తెలీలేదట. మంట తెలిసిందట. అదైనా తెలిసింది, ఇంకా ఉన్నానన్నమాట అంది.

జూన్ 12

రోజూ సలసల కావాలంటోంది. వేలి కొసతో నాలుక మీద రాస్తాను. ఉస్ అంటుంది, తిడుతుంది. నన్ను పంపించేసి మీరు హాయిగా బోన్‌లెస్ తినండి అంది ఇవాళ. ఇదీ మా ఆవిడంటే.

జూన్ 21, పొద్దున

రాశాను. ఉస్ అనలేదు. ఇంకొంచెం రాశాను. నా వేలు మండుతోంది, ఆమె నాలుక మండలేదు.

నా చొక్కా గుండీ ఒకటి ఊడి వేలాడుతోంది. దాన్ని పట్టుకుని తిప్పుతూ ఉండిపోయింది. కుడతావా అన్నాను. వేళ్ళు కదిపింది. సూదిలో దారం ఎక్కించి ఇచ్చాను. పట్టుకునే నిద్రపోయింది. గుచ్చుకుంటుందని మెల్లిగా తీసేశాను. తీయకుండా ఉండాల్సింది.

జూన్ 24

పొద్దున్నే వెళ్ళిపోయింది. గుండీ వేలాడుతూనే ఉంది.

జూలై 6, ఆదివారం

ఫ్రీజర్లో మెడలు, రెక్కలు అలాగే ఉన్నాయి. పారేయనా మామయ్యగారూ అంది కోడలు. వద్దని డబ్బా దించాను. పక్క పొయ్యి మీద సలసల పెట్టాను. ఘాటు లేచింది. మావాడు దగ్గాడు. పిడుగు దగ్గింది. కోడలు దగ్గుతూనే నిలబడింది, కిటికీ తెరవలేదు.

లోపలి గదిలోంచి దగ్గు రాలేదు.