అమ్మ అరికాలి మచ్చ

మంగళవారం రాత్రి, భవానీపురం

ఇవాళ మడమ పగుళ్లకు మందు కోసం అమ్మను చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళితే, ఆవిడ పగుళ్లు వదిలేసి అరికాల్లోని నల్లమచ్చనే చూశారు.

"ఇదెప్పటి నుంచమ్మా?"

"రెండేళ్లయిందండీ. అరికాల్లో పుట్టుమచ్చ కలిసొస్తుందండీ. ఇదొచ్చాకే మా అమ్మాయికి బ్యాంకు ఉద్యోగం వచ్చింది," అంది అమ్మ గర్వంగా.

డాక్టరుగారు నవ్వలేదు. మామూలు పుట్టుమచ్చ ఇలా ఈ వయసులో వచ్చి పెరగదట. దీని అంచులు వంకరపోయాయి, నలుపులో గోధుమరంగు కలిసింది. క్యాన్సర్ కావచ్చు, రేపే ముక్క తీసి పరీక్షకు పంపుదామన్నారు.

ఆటోలో అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "తీయించొద్దే. నీ ఉద్యోగానికేమన్నా అయితే?"

క్యాన్సర్ అన్న మాట వినలేదా? లేక విని కూడా...